పంపినవారు: సింహాద్రి

అమలాపురంలో ఎర్రవంతెన దాటాక, మందుల షాపు మీద ఒక చిన్న గది ఉంది. అందులో కూర్చునే వీరవేణిని చుట్టుపక్కల వ్యాపారస్తులు ‘కాగితాల వీరవేణి గారు’ అంటారు. కొబ్బరి పీచు బేళ్ళు కానీ, నేలమీద పరిచే పీచు పట్టాలు కానీ, బండారులంక చేనేత గుడ్డలు కానీ కోనసీమ నుంచి ఓడెక్కి పై దేశం వెళ్ళాలంటే, వాటి వెంట వెళ్ళే కాగితాలు ఆమె చేతిమీదుగా పోవలసిందే. సరుకేమిటో చెప్పమంటే ‘మంచి సరుకండి’ అని ఊరుకునే వాళ్ళతో ఆమె ఇరవై ఏళ్ళు వేగింది. నలభై అయిదేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగలలేదు.

ఆమె పుట్టింది కాట్రేనికోన అవతల, సముద్రం పక్కనున్న మొగలిపాలెంలో. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అన్న సింహాద్రి వేటకెళ్ళి ఇల్లు నడిపేవాడు. తొంభై ఆరు తుఫాను నాటికి అతనికి ఇరవై రెండేళ్ళు, ఆమెకు పదహారు. ఆ రోజు అతని పడవలో నలుగురు వెళ్ళారు. ఇద్దరు దొరికారు. సింహాద్రి దొరకలేదు. మనిషిని కళ్ళారా చూడకుండా కర్మ చేస్తే బతికున్నవాణ్ణి చంపినట్టేనని తల్లి మొండికేసింది. ఆ మొండితనంతోనే పందొమ్మిదేళ్ళు బతికి కన్నుమూసింది. అన్న పేరు కొన్నాళ్ళు ఓటర్ల లిస్టులో ఉంది, తరవాత తీసేశారు. శవం లేదు కాబట్టి చనిపోయినవాళ్ళ లిస్టులో చేర్చలేదు. మొగలిపాలెం కూడా ఏడాదికి కొంత చొప్పున సముద్రంలో కలిసిపోయింది. అక్కడివాళ్ళు తలో ఊరూ చేరారు. వీరవేణి అమలాపురం వచ్చి టైపు నేర్చుకుంది, కంప్యూటరు నేర్చుకుంది, చివరికి ఈ కాగితాల్లో కుదురుకుంది.

పోయిన వేసవిలో యూరప్ వాళ్ళ కొత్త రూలు ఒకటి దగ్గరపడింది. వాళ్ళ రేవులకు వెళ్ళే ప్రతి సరుకు గురించీ, ఓడ ఎక్కించకముందే, కస్టమ్స్ భద్రత కోసం కంప్యూటర్లో డిక్లరేషన్ ఇవ్వాలి. ఇదివరకు కంటైనర్ మొత్తానికి ఒక్క మాట రాస్తే సరిపోయేది. ఇకమీదట ఒక కంటైనర్లో నలుగురి సరుకు ఉంటే నలుగురూ విడివిడిగా చెప్పాలి. ఎవరు పంపుతున్నారు, ఎక్కడి నుంచి, ఎవరికి, లోపల ఉన్నదేమిటి, ఎంత బరువు. ఒక్కటి తేడా వచ్చినా సరుకు రేవులోనే ఆగిపోతుంది. కంప్యూటరు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీవాళ్ళు ముందుగా నేర్చుకోవడానికి ఒక ప్రాక్టీసు ఖాతా ఇచ్చారు. అందులో ఏం రాసినా బయటికి పోదని చెప్పారు.

వీరవేణి అందరినీ కొత్తపేట దగ్గర జగ్గయ్యగారి పీచు మిల్లులో కూర్చోబెట్టింది. జగ్గయ్యకు అరవై దాటాయి. పట్టాలు నేయించే రాజోలు శాంతి, బండారులంక చేనేత సొసైటీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. షెడ్డులో పీచు ధూళి ఎగురుతోంది. వీరవేణి లాప్‌టాప్ తెరిచి బల్లమీద పెట్టింది.

“ఇన్నాళ్ళూ ‘పీచు సామాన్లు’ అని రాస్తే పోయేదండి. ఇప్పుడేవొచ్చిందండి?” అన్నాడు జగ్గయ్య.

“ఇప్పుడు పోదండి. పీచా, తాడా, పట్టానా, పొట్టా, అది చెప్పాలి. సామాన్లంటే ఒప్పుకోరు. శాంతిగారి పట్టాలు మీ కంటైనర్లో వేస్తే శాంతిగారి పేరు, ఊరు, వీధి, ఫోన్ నంబరు విడిగా ఇవ్వాలి.”

“మా వీధికి పేరే లేదు కదండీ,” అంది శాంతి.

“పెట్టెయ్యండి. కంప్యూటరుకి పేరు లేని వీధి అర్థం కాదండి.”

అందరూ నవ్వారు. ఎలా నింపాలో చూపించడానికి వీరవేణి ఖాళీ ఫారం తెరిచింది. నా పేరే రాయండమ్మా అన్నాడు జగ్గయ్య. అసలు పార్టీల పేర్లు రాస్తే రేపు కలగాపులగం అవుతుందని ఆమె ఒప్పుకోలేదు. ఎవరూ కాని మనిషి కావాలి. ఎవరి పేరు రాయాలా అని ఆమె ఆలోచిస్తూ ఉండగానే వేళ్ళు సింహాద్రి అని కొట్టేశాయి. చెరిపేయబోయి, పోనీలే, లేని మనిషే కదా అనుకుంది. ఊరు మొగలిపాలెం అని రాసింది. చిరునామా చాలదని కంప్యూటరు ఎర్రక్షరాలు చూపించింది. గంగమ్మ గుడి వెనక అని చేర్చింది. ఫోన్ నంబరు అడిగితే తోచిన పది అంకెలు వేసింది. సరుకు కొబ్బరి పీచు బేలు ఒకటి. బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు.

పచ్చటి టిక్కు పడింది. పంపినవారి వివరాలు సరిపోయాయని వచ్చింది.

వీరవేణి ఆ మాట వైపు కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఏ ఆఫీసూ ఆ మనిషిని ఉన్నాడనీ అనలేదు, లేడనీ అనలేదు. లేని ఊళ్ళో, లేని గుడి వెనక, లేని మనిషిని ఈ ఫారం ఒక్కటే మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఆమెకు వీపు మీద చల్లగా ఎవరో చెయ్యి వేసినట్టయింది. వెనక్కి చూస్తే పీచు కుప్ప తప్ప ఏమీ లేదు.

బేలు మీద అంటించే లేబులు కూడా డిక్లరేషన్‌తో అక్షరం పొల్లు పోకుండా ఉండాలని చెప్పి, ఆ ఫారానికి ఒక లేబులు తీసి చూపించింది. సాయంత్రమైంది. అందరూ లేచారు. లేబులు బల్లమీదే ఉండిపోయింది.

భాద్రపదంలో రూలు వచ్చేసింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్రాక్టీసు ఖాతానే అసలు ఖాతాగా మార్చారు. పాత ఫారాలన్నీ చెరిపేశామని కబురు పెట్టారు. మొదటి కంటైనర్‌కి వీరవేణి మూడు పార్టీల వివరాలు పూర్తిచేసింది. జగ్గయ్య పీచు బేళ్ళు నూట నలభై, శాంతి పట్టాలు, బండారులంక గుడ్డలు. ప్రతి మాటా మూడుసార్లు చదువుకుంది. లారీ విశాఖపట్నం వెళ్ళింది.

మూడో రోజు పొద్దున్న పదకొండింటికి విశాఖపట్నం షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేసే రాజేంద్ర ఫోన్ చేశాడు.

“మేడమ్, మీ నాలుగో పార్టీ సరుకు ఆపేరండి. దాంతోపాటు మొత్తం కంటైనర్ ఆగిపోయింది.”

“నాలుగో పార్టీ ఎవరండీ? మాకున్నది ముగ్గురే.”

“సింహాద్రి గారండి. ఒక్క బేలు.”

వీరవేణి కుర్చీ ముందుకు జరుపుకుంది. కంప్యూటరు తెరిచింది. నాలుగో వరసలో అన్న పేరు ఉంది. దాని పక్కన ‘ఓడ ఎక్కించవద్దు’ అన్న ఎర్ర గుర్తు ఉంది. ప్రాక్టీసు ఫారం చెరగలేదని, మిగతావాటితోపాటు అదీ వెళ్ళిపోయిందని ఆమెకు వెంటనే అర్థమైంది. అర్థం కానిది కింద రాసి ఉంది. కస్టమ్స్ నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి.

ఇచ్చిన చిరునామాలో ఊరు కనపడడం లేదు. పంపినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో తెలపండి.

ప్రకటించిన బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. తూచిన బరువు అరవై ఒకటి. తేడాకు కారణం తెలపండి.

“తూచేరా? తూచడానికి బేలెక్కడిదండీ?” అంది.

“ఇక్కడే యార్డులో ఉందండి, నా ఎదురుగానే. లేబులు కూడా ఉంది. సింహాద్రి, గంగమ్మ గుడి వెనక, మొగలిపాలెం.”

అరవై ఒకటి. తుఫానుకు నెల ముందు, రొయ్యలు కొనే షావుకారు కాటా మీద సింహాద్రి ఎక్కి నిలబడ్డాడు. “నన్నూ కొనేసుకోండి, అరవై ఒక్క కిలో!” అని అరిచాడు. పక్కన రొయ్యల బుట్ట పట్టుకుని నవ్వింది తనే. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ సంగతి కూడా కాదు.

“నేను వస్తానండి. ఆ పార్టీ... అది పొరపాటున పడింది. అలాంటాయన లేరు,” అంది.

“అదేంటి మేడమ్, ఇందాకే ఆయనతో మాటాడేను కదండీ. ఫారంలో నంబరుకే చేసేను. గాలి హోరులో సరిగ్గా వినపడలేదు గానీ, ఆయ్, వచ్చేస్తున్నానండి, మా చెల్లిని కూడా పంపుతున్నాను, అన్నారు.”

వీరవేణి ఫోన్ పెట్టేసి, ఫారంలో తను వేసిన ఆ పది అంకెలూ నొక్కింది. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు చెప్పింది. మళ్ళీ నొక్కింది. అదే మాట. రాజేంద్ర ఒక అంకె తప్పు నొక్కి ఉంటాడు, ఎవరో పలికి ఉంటారు. గోదావరి జిల్లాలో ఆయ్ అననివాళ్ళెవరు? చెల్లి లేనివాళ్ళెంతమంది? అలా తనకు తాను చెప్పుకుంది.

ఆటో ఎక్కి కొత్తపేట వెళ్ళింది. జగ్గయ్య మిల్లులో బేళ్ళు కట్టే రామలక్ష్మిని పిలిపించాడు. ఆమె పదేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది.

“లేబుళ్ళు నూట నలభై అంటించేనండి. ఒక బేలు మిగిలిపోయింది. బల్లమీద ఒక లేబులు కూడా మిగిలింది. దానిదేనేమో అని అంటించేను. తప్పాండి?” అంది రామలక్ష్మి.

“నూట నలభయ్యే కట్టేం కదే!” అన్నాడు జగ్గయ్య.

“నేనూ అదే అనుకున్నానండి. లెక్కెడితే ఒకటి ఎక్కువొచ్చింది. మూల, గోడవారగా ఉంది. తాడు కట్టు మాత్రం మన కట్టులా లేదండి. వలలకేసే ముడిలా ఉంది.”

మర్నాడు తెల్లవారగానే జగ్గయ్య వ్యాను తీయించి, వీరవేణి వెంట తనే విశాఖపట్నం బయలుదేరాడు. దారిలో ఆమె అన్న సంగతి చెప్పింది. ఒక పరాయి మనిషికి మొత్తం చెప్పడం అదే మొదలు. జగ్గయ్య అన్నవరం దాటేదాకా విన్నాడు. “మనం కాగితం మీద రాసిందే కదమ్మా వాళ్ళడుగుతున్నారు. వెళ్ళి సమాధానం చెప్పొద్దాం,” అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు యార్డుకు చేరారు. ఎండ చురచురలాడుతోంది. రేకుల షెడ్డులో మిగతా బేళ్ళన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. దూరంగా, విడిగా ఒక్కటి ఉంది. దాని చుట్టూ సిమెంటు నేల తడిగా ఉంది.

“నిన్నటి నుంచీ తుడుస్తున్నారండి. ఆగటం లేదు,” అన్నాడు రాజేంద్ర. పాతికేళ్ళ మనిషి. ఫోన్లో ఉన్నంత హుషారుగా లేడు. బేలుకు ఆమడ దూరంలో నిలబడ్డాడు.

వీరవేణి దగ్గరికి వెళ్ళింది. రామలక్ష్మి చెప్పినట్టే ముడి వేరుగా ఉంది. రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. అటువంటి ముడిని ఆమె చిన్నప్పుడు పళ్ళతో లాగి విప్పేది, అన్న చేత తిట్లు తినేది. దోపిన ఆ కొసను వేలితో తాకింది.

కస్టమ్స్ అధికారి వచ్చాడు. ఆయనకు ఇంకా పది కంటైనర్లు చూడవలసి ఉంది. బేలు కోయమన్నాడు. కూలీ కత్తితో తాడు కోశాడు. పీచు విచ్చుకుంది. లోపల ఏమీ లేదు, పీచే. బయటి పొరలు ఎండి కరకరలాడుతున్నాయి. నడిమధ్యలో మాత్రం పిండితే కారేంత తడి. అధికారి వేలితో తాకి, వాసన చూసి, ముఖం చిట్లించాడు.

“ఉప్పునీళ్ళు. సముద్రం పక్కన నిలవ చేసేరా?”

“లేదండి. మాది కొత్తపేట. ఉప్పునీళ్ళ ఛాయలే లేవండి,” అన్నాడు జగ్గయ్య.

“మరి మిగతావి పొడిగా ఉన్నాయే?”

తడి సరుకు ఎక్కించడానికి వీల్లేదని, దీన్ని వెనక్కి తీసుకుపోతే మిగతా కంటైనర్ వదిలేస్తామని అధికారి చెప్పాడు. ఉపసంహరణ ఫారం ఇచ్చాడు. వీరవేణి తన జీవితంలో వందల ఫారాలు నింపింది. ఇది నింపడానికి మాత్రం గంట పట్టింది. సరుకు దగ్గర కొబ్బరి పీచు, ఉప్పునీటితో తడిసినది అని రాసింది. పంపినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. తల్లి బతికి ఉంటే ఏం రాయమనేదో ఆమెకు తెలుసు. కానీ అబద్ధం రాస్తే ఈ బేలు మళ్ళీ ఎక్కడో ఆగుతుంది, మళ్ళీ ఎవరో ఫోన్ చేస్తారు. ‘సముద్రంలో, 1996 నవంబరు నుంచి’ అని రాసింది. కింద సంతకం పెట్టేవారికి, పంపినవారికి సంబంధం ఏమిటని ఉంది. చెల్లెలు అని రాసి, సంతకం చేసింది. అప్పుడు ఏడుపు వచ్చింది. జగ్గయ్య కండువాతో ముఖం తుడుచుకుంటున్నట్టు అటు తిరిగాడు.

అధికారి ఆ కాగితం చదివాడు. ఒకసారి ఆమెను చూశాడు, ఒకసారి బేలును చూశాడు. కాగితం మీద ముద్ర వేశాడు.

కూలీలు బేలును మళ్ళీ కట్టి వ్యాను వెనక వేశారు. కాకినాడ దాటి, యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీదకు వచ్చేసరికి మర్నాడు పొద్దు బాగా ఎక్కింది. రాత్రి అన్నవరం సత్రంలో ఆగారు. వ్యాను ఆపిన చోట నేల తడిసి ఉందని డ్రైవరు చెప్పాడు. వంతెన దిగాక వీరవేణి, “కాట్రేనికోన మీదుగా పోనివ్వండి,” అంది.

రోడ్డు ఆగిపోయిన చోట ఇసుక మొదలైంది. మొగలిపాలెం ఉండవలసిన చోట నీళ్ళున్నాయి. అలలు తగ్గినప్పుడు ఏదో కట్టడం తాలూకు ఇటుకలు కనపడి మాయమవుతున్నాయి. జగ్గయ్య, డ్రైవరు, వీరవేణి ముగ్గురూ బేలును దొర్లించుకుంటూ నీళ్ళ దాకా తీసుకెళ్ళారు. నీటి అంచు తగలగానే అది తేలిక అయిపోయింది. పోటు సమయం. అలలన్నీ ఒడ్డుకే వస్తున్నాయి. అలల మీద తేలుతున్న పుల్లలు, ఆకులు అన్నీ ఒడ్డుకే కొట్టుకొస్తున్నాయి. బేలు మాత్రం లోపలికి పోయింది. నెమ్మదిగా, దారి తెలిసినట్టు, ఎక్కడా తిరగకుండా పోయింది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు.

“అడుగున ప్రవాహం ఉంటుందమ్మా,” అన్నాడు జగ్గయ్య. ఆయన గొంతు ఆయనకే నమ్మకంగా లేదు.

“ఆయ్, ఉంటుందండి,” అంది వీరవేణి.

ఆ వారంలోనే కంటైనర్ ఓడెక్కింది. ఏ ఇబ్బందీ లేకుండా అవతల దిగింది. వీరవేణి పురోహితుణ్ణి కనుక్కుంది. శరీరం దొరకని వాళ్ళకు దర్భలతో మనిషి బొమ్మ చేసి సంస్కారం జరిపించవచ్చని ఆయన చెప్పాడు. కర్మ చేయించడానికి మేనమామ కొడుకు వచ్చాడు. పన్నెండో రోజున కాట్రేనికోనలో చిన్న షామియానా వేయించి భోజనాలు పెట్టింది. మొగలిపాలెం నుంచి చెదిరిపోయిన వాళ్ళలో పాతికమంది దాకా వచ్చారు. ఆమె కాగితాల పని మానేసి పన్నెండు రోజులుండటం అదే మొదటిసారి. పడుకుంటే నిద్ర పట్టింది. మనసు మీద నుంచి ఏదో దిగిన మాట నిజమే. దిగింది ఎక్కడికి వెళ్ళిందో ఆలోచించకుండా ఉండటం మాత్రం చేతకాలేదు.

విస్తళ్ళు ఎత్తుతుండగా రాజ్యం వచ్చి పక్కన కూర్చుంది. డెబ్భై ఏళ్ళ ముసలావిడ. సింహాద్రి పడవలో దొరకని రెండో మనిషి ఆవిడ భర్త గంగబాబు.

“ఇన్నేళ్ళకి కర్మ చేసేవంటే నీకు కబురొచ్చినట్టే కదమ్మా. ఎవరు చెప్పేరు?”

వీరవేణికి దాచాలనిపించలేదు. “రేవు నుంచి ఫోనొచ్చిందండి పిన్నిగారూ. కస్టమ్స్ వాళ్ళు అడిగేరు, ఎక్కడున్నాడని.”

ముసలావిడ ఆశ్చర్యపోలేదు. అలా అడగటం మామూలే అన్నట్టు తలూపింది. “నువ్వు పేరు రాస్తే అడిగేరన్నమాట.”

“ఆయ్.”

“మా ఆయన పేరు కూడా రాసి చూస్తావామ్మా? మాది గుడి ముందే కదా.”

వీరవేణి కాదనలేకపోయింది, అవుననలేకపోయింది. చేతిసంచిలోంచి కాగితం తీసి, గంగబాబు, గంగమ్మ గుడి ముందు, మొగలిపాలెం అని రాసుకుంది. బరువు ఎంత ఉండేవారని అడగబోయి, నాలిక కరుచుకుంది.

మర్నాడు అమలాపురంలో మందుల షాపు పక్క మెట్లెక్కబోతుంటే, మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎప్పుడో పాలెంలో చూసిన ముఖాలే. రాజ్యం చెప్పి పంపించిందని అన్నారు. ఒక్కొక్కరి దగ్గరా వేటకెళ్ళి దొరకని మనిషి పేరు ఒకటి ఉంది. వీరవేణి గది తాళం తీసి, ఫ్యాను వేసి, వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. కంప్యూటరు ఆన్ చేయలేదు. నోటుపుస్తకం తెరిచి, “చెప్పండమ్మా, ఇంటిపేరుతో సహా చెప్పండి,” అంది.